217వ పుటలో ‘రథము’: బ్రాండెడ్ కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేసిన డైరీ

డిసెంబరు 28

మా పెద్దమ్మగారి అబ్బాయి బెంగళూరుకు మకాం మారుస్తూ తన కంప్యూటర్‌ను నాకు అమ్మాడు. ఒక పెద్ద కంపెనీ పెట్టెతో సహా తయారు చేసి అమ్మిన బ్రాండెడ్ యంత్రం అది. లోపల ఇంటెల్ కోర్ ఐ7-8700కె ఉంది. 2017 అక్టోబరులో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు 6 కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). మూల వేగం 3.7 గిగాహెర్ట్జ్. ఒక్క కోర్ మీదే పని పడితే 4.7 దాకా వెళ్తుంది, ఆరింటి మీదా పడితే 4.3 దగ్గర ఆగుతుంది. నేను కొన్నది పేరు చివరి ‘కె’ కోసం. ఆ అక్షరం ఉన్న ప్రాసెసర్ల మల్టిప్లయర్‌కు ఇంటెల్ తాళం వేయదు. వేగాన్ని నిర్ణయించే ఆ అంకెను పెంచి, ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పినదాని కంటే వేగంగా నడపడమే ఓవర్‌క్లాక్.

నాకు వేగం కావలసింది ఆటల కోసం కాదు. తాతగారు బైండు చేయించి దాచిన పాత వారపత్రికల సంపుటాలు మా ఇంట్లో ఉన్నాయి. అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. రెండేళ్లుగా ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాను, ఇప్పటికి 6,400 పుటలయ్యాయి. బొమ్మలుగా ఉన్న ఈ పుటలను వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చాలి. అందుకు టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అది తెలుగు చదువుతుంది, తప్పులు చేస్తుంది, సెట్టింగులు మార్చి మళ్లీ చదివిస్తే కొన్ని తప్పులు తగ్గుతాయి. అందుకే ఇది ఒక్కసారితో తీరే పని కాదు. మొత్తం పుటలన్నిటినీ కనీసం పదిసార్లయినా చదివించాల్సి వస్తుందని నా అంచనా.

కొలత కోసం మొదటి సంపుటంలోని 300 పుటలు పక్కన పెట్టాను. ఒక్కో పుటకు ఒక్కో థ్రెడ్ చొప్పున ఒకేసారి 12 పుటలు. టెసరాక్ట్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే ఒక్క పుటకే నాలుగు థ్రెడ్లు వాడబోతుంది, అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఒక్క థ్రెడ్‌కు పరిమితం చేస్తే మొత్తం పని త్వరగా అవుతుంది. యంత్రం వచ్చింది వచ్చినట్టుగా, ఏమీ మార్చకుండా నడిపితే పట్టిన సమయం 41 నిమిషాలు. ఈ లెక్కన 6,400 పుటలకు పద్నాలుగున్నర గంటలు.

మూడుసార్లు నడిపి, వచ్చిన ప్రతి పాఠానికీ చెక్‌సమ్ (ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి పోల్చాను. మూడుసార్లూ 300 పాఠాలు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. ఆ చెక్‌సమ్‌ల జాబితాను జాగ్రత్త చేశాను.

డిసెంబరు 30

విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లాను. విడిగా కొన్న మదర్‌బోర్డుల బయోస్‌లో పుటల కొద్దీ కనిపించే మెనూలు ఇందులో లేవు. పెర్ఫార్మెన్స్ అనే ఒకే విభాగంలో రెండు రెడీమేడ్ స్థాయులు, ఆ కింద ‘కస్టమ్’ ఉన్నాయి. కస్టమ్‌లో కోర్ మల్టిప్లయర్, అడాప్టివ్ వోల్టేజీ, ఏవీఎక్స్ ఆఫ్‌సెట్, రెండు విద్యుత్ పరిమితులు, మెమరీకి ఎక్స్‌ఎంపీ (మెమరీ తయారీదారు ముందే రాసి పెట్టిన ఎక్కువ వేగం సెట్టింగు). పని భారం పడినప్పుడు వోల్టేజీ ఎంత జారాలో చెప్పే లోడ్ లైన్ సర్దుబాటు లేదు. మూల గడియారం 100 మెగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంది, మార్చడానికి వీల్లేదు. నాకు ఇవి చాలు.

రెండో రెడీమేడ్ స్థాయి ఏం చేస్తుందో చూద్దామని ఒక్కసారి పెట్టాను. విండోస్ తెరిచి, వేగం, వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కోర్ వోల్టేజీ 1.42 చూపిస్తోంది. వెంటనే ఆపేశాను. ఏ ప్రాసెసర్ ముక్క వచ్చినా పని చేయాలని తయారీదారు అందరికీ ఒకేలా ఎక్కువ వోల్టేజీ పెట్టేస్తాడు. వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 1.20 నుంచి 1.35కు పెంచితే, వేగం అసలు మార్చకపోయినా, ప్రాసెసర్ మింగే విద్యుత్తు దాదాపు 27 శాతం ఎక్కువవుతుంది. కాబట్టి రెడీమేడ్ స్థాయుల జోలికి వెళ్లను. మెట్టు మెట్టుగా నేనే ఎక్కుతాను.

ఇవన్నీ విండోస్‌లోంచే మార్చుకోవచ్చు కదా అని మొదట అనుకున్నాను. 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ అనే లోపం బయటపడింది. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజీ తగ్గించి ప్రాసెసర్‌లో భద్రంగా దాచిన సమాచారాన్ని చెడగొట్టవచ్చని బర్మింగ్‌హామ్, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన బయోస్ అప్‌డేట్లు చాలా యంత్రాల్లో ఆ దారిని మూసేశాయి. నా యంత్రంలోనూ విండోస్ నుంచి వోల్టేజీ కదలడం లేదు. మిగిలింది బయోస్ ఒక్కటే.

జనవరి 3

ఆరు కోర్లకూ 4.3 అని ఇంటెల్ చెబుతుంటే, నా పనిలో వేగం 3.9కీ 4.0కీ మధ్య ఊగుతోంది. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్15 పరీక్ష నడిపితే మాత్రం 1,398 మార్కులు, నిక్కచ్చిగా 4.3 వేగానికి రావలసిన మార్కులే. ఇదేమిటో అర్థం కాక ఒక సాయంత్రమంతా గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

కారణం దొరికింది. బయోస్‌లో దీర్ఘకాల విద్యుత్ పరిమితి 95 వాట్లు, స్వల్పకాల పరిమితి 119 వాట్లు, ఆ స్వల్పకాలం 28 సెకన్లు. సినీబెంచ్ ఆర్15 ఈ ప్రాసెసర్ మీద 28 సెకన్ల లోపే ముగిసిపోతుంది. అంటే పరిమితి అమలయ్యే లోపే పరీక్ష అయిపోతోంది. నా పని 41 నిమిషాలు. మొదటి అర నిమిషం తర్వాత మిగతాదంతా 95 వాట్ల లోపల ఇరుక్కుని సాగుతోంది. చిన్న పరీక్షల మార్కులు చూసి యంత్రాన్ని అంచనా వేయకూడదని ఈ పుట పైన ఎర్ర సిరాతో రాసుకున్నాను.

పరిమితి ఎత్తేస్తే వేడి ఎక్కడికి పోవాలి? ఉన్న కూలర్ అరచేతిలో పట్టే అల్యూమినియం ముక్క, దాని మీద కిందికి ఊదే ఫ్యాను. పరిమితిని 130 వాట్లకు పెంచి చూస్తే రెండు నిమిషాల్లో 100 డిగ్రీలు తాకి, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంది. ముందు కూలర్ సంగతి చూడాలి.

జనవరి 7

92 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ తెచ్చాను. పక్క మూతకు లోపల 140 మిల్లీమీటర్ల జాగా ఉంది, కూలర్ ఎత్తు 130. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు బోర్డు వెనక ఎదురైంది. మామూలు పెట్టెల్లో కూలర్‌కు వెనక నుంచి ఒక ప్లేటు బిగిస్తారు. ఇందులో కూలర్ మరలు దిగే స్తంభాలు పెట్టె రేకులోనే భాగం. కూలర్‌తో వచ్చిన ప్లేటు పెట్టే చోటే లేదు.

రంధ్రాల మధ్య దూరం మాత్రం ఈ సాకెట్‌కు ఉండే 75 మిల్లీమీటర్లే. అందుకని ఆ స్తంభాలకే సరిపోయే ఎం3 మరలు, నైలాన్ వాషర్లు, చిన్న స్ప్రింగులు హార్డ్‌వేర్ దుకాణంలో ఏరి తెచ్చి బిగించాను. ఒక మూల బిగించి, దానికి ఎదురు మూల, అలా కొంచెం కొంచెంగా. ఒకేసారి ఒక మూల పూర్తిగా బిగిస్తే ప్రాసెసర్ మీద ఒత్తిడి ఒక పక్కకే పడుతుంది. ఎండి గట్టిపడిన పాత పేస్టును స్పిరిట్‌తో తుడిచి కొత్తది రాశాను.

ఈ తరం ప్రాసెసర్లలో చిప్‌కూ పైన ఉన్న లోహపు మూతకూ మధ్య టంకం లేదు, పేస్టే ఉంది. తర్వాతి తరంలో, 2018 చివర, ఇంటెల్ మళ్లీ టంకానికి మారింది. ఆ మూత ఊడదీసి లోపలి పేస్టు మార్చేవాళ్లున్నారు. నేను ఆ పని చేయను. ఈ ప్రాసెసర్ పగిలితే మరొకటి కొనే డబ్బుతో ఇంకో స్కానర్ కొనవచ్చు.

పరిమితి 130 వాట్లు, వేగం ఫ్యాక్టరీ 4.3, గది 25 డిగ్రీలు. గరిష్ఠ ఉష్ణోగ్రత 68. అయితే పదకొండో నిమిషంలో వేగం ఉన్నట్టుండి 800 మెగాహెర్ట్జ్‌కు పడిపోయింది, కాసేపటికి లేచింది, మళ్లీ పడింది.

జనవరి 8

రాత్రి నిద్ర పట్టలేదు. ప్రాసెసర్ చల్లగా ఉంది, అయినా పడిపోతోంది. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ఒక చిన్న గడి ‘అవును’ అని చూపిస్తోంది: వోల్టేజీ రెగ్యులేటర్ వేడెక్కిందట.

సాకెట్ పక్కన వరసగా ఉండే చిన్న నల్లటి చిప్‌లు పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింబావు వోల్టుకు దించుతాయి. ఈ బోర్డులో వాటి మీద వేడి లాగే రేకు ఒక్కటి కూడా లేదు. పాత కూలర్ కిందికి ఊదేది కాబట్టి ఆ గాలి వీటి మీదుగా కూడా పోయేది. నా కొత్త టవర్ కూలర్ గాలిని అడ్డంగా, వెనక్కి తోస్తుంది. ప్రాసెసర్‌కు మేలు చేసి వీటికి ఉన్న గాలిని నేనే తీసేశాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే 104 డిగ్రీలు.

వేడి వాహక టేపుతో చిన్న అల్యూమినియం రేకులు అంటించాను. వాటి మీదికి నేరుగా ఊదేలా 80 మిల్లీమీటర్ల ఫ్యానును తీగతో కట్టాను. పెట్టె ముందు భాగం నిండు ప్లాస్టిక్, గాలి దూరే సందు లేదు. దాన్ని ఊడదీసి వరసలుగా రంధ్రాలు వేసి, వెనక దోమతెర ముక్క అతికించాను. ముందున్న సన్నని ఫ్యాను తీసి నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టాను. ఇప్పుడు రెగ్యులేటర్ల దగ్గర 79 డిగ్రీలు. వేగం పడిపోవడం ఆగింది.

300 పుటలకు 37 నిమిషాల 40 సెకన్లు. మూడు నిమిషాలకు పైగా తగ్గింది. ఇంకా ఓవర్‌క్లాక్ మొదలుపెట్టనే లేదు. యంత్రం మీద రాసి ఉన్న వేగాన్ని యంత్రానికి ఇప్పించానంతే.

జనవరి 13

సంక్రాంతి సెలవులు. ఇంటి నిండా జనం. నేను మేడ మీద గదిలో.

వేగం అంటే మూల గడియారాన్ని మల్టిప్లయర్‌తో హెచ్చించగా వచ్చేది. 100 మెగాహెర్ట్జ్ ఇంటు 43 అంటే 4.3 గిగాహెర్ట్జ్. ఒకప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. 1998 నాటి సెలెరాన్ 300ఎలో మల్టిప్లయర్ 4.5 దగ్గర తాళం పడి ఉంటే, బోర్డు గడియారాన్ని 66 నుంచి 100కు పెంచి 300 మెగాహెర్ట్జ్ చిప్‌ను 450 మీద నడిపేవాళ్లు. నేను చదువుకునే రోజుల్లో ఆ చిప్‌తో ఒక సీనియర్ చేసిన పని చూసే నాకు ఈ ఆసక్తి పుట్టింది. యాభై శాతం ఉచితంగా దొరికిన రోజులవి. ఇప్పుడు తయారీదారులే మిగులంతా పిండేసి అమ్ముతున్నారు, మనకు మిగిలేది పది శాతం అటూ ఇటూ.

48 పెట్టాను. వోల్టేజీని ఆటోకు వదిలితే 1.40కి ఎగబాకింది. వేగాన్ని బట్టి వోల్టేజీ మారే అడాప్టివ్ మీద 1.30 పెట్టాను. విండోస్ తెరుచుకుంది. సినీబెంచ్ ఆర్15లో 1,561 మార్కులు. కింద నుంచి అరిసెల వాసన వస్తోంది, నాకు కదలబుద్ధి కాలేదు. 300 పుటలూ నడిపాను.

36 నిమిషాలు. లెక్క ప్రకారం 34 లోపు రావాలి.

మళ్లీ హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో. సినీబెంచ్ ఆర్15 నడిచేటప్పుడు 4.8, టెసరాక్ట్ నడిచేటప్పుడు 4.5. బయోస్‌లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ 3 అని ఉంది, నేను చూసుకోలేదు. ఏవీఎక్స్ అనేవి ఒకేసారి ఎన్నో సంఖ్యలను గుణించే ఆదేశాలు. అవి వేడి ఎక్కువ పుట్టిస్తాయి కాబట్టి, అవి వచ్చినప్పుడల్లా మల్టిప్లయర్‌ను మూడు మెట్లు దించమని ఆ అంకె చెబుతోంది. టెసరాక్ట్ అక్షరాలను గుర్తుపట్టేది న్యూరల్ నెట్‌వర్క్‌తో, దాని పని అంతా గుణకారాలే, అందుకు ఏవీఎక్స్2 వాడుతుంది. పాత ఆర్15 ఏవీఎక్స్‌ను ముట్టుకోదు. ఆఫ్‌సెట్‌ను సున్నా చేశాను.

33 నిమిషాల 50 సెకన్లు. 88 డిగ్రీలు. ప్లగ్గు దగ్గర మీటరులో 216 వాట్లు. ఆనందంగా కిందికి దిగాను.

జనవరి 17

ఈ నాలుగు రోజుల్లో ఆ సెట్టింగు మీదే ఎన్నో పరీక్షలు పెట్టాను. ప్రాసెసర్ మీద పూర్తి భారం మోపే ప్రైమ్95 పరీక్ష ఏవీఎక్స్ లేకుండా గంటసేపు, సినీబెంచ్ ఇరవైసార్లు. ఎక్కడా ఆగలేదు, విండోస్ కుప్పకూలితే వచ్చే నీలం తెర రాలేదు. అన్నయ్యకు ఫోను చేసి చెబితే, ‘‘బాగుందిరా, ఇంక దాన్ని కదపకు’’ అన్నాడు.

ఆ రాత్రి 300 పుటలనూ మళ్లీ నడిపి, ఉదయం చెక్‌సమ్‌లు పోల్చాను. 299 సరిపోయాయి. 217వ పుట సరిపోలేదు.

రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా ఒకే ఒక్క అక్షరం. ఫ్యాక్టరీ వేగం మీద ‘రథము’ అని చదివింది. 4.8 మీద ‘రధము’ అని చదివింది. స్కాన్ తెరిచి పెద్దది చేసి చూశాను. అచ్చులో థ పొట్టలో చుక్క స్పష్టంగా ఉంది.

తెలుగు చదివే ఏ యంత్రమైనా థను ధ అనుకోవడం, మను వు అనుకోవడం మామూలే. అలాంటి తప్పులు నా పాఠాల్లో వందల కొద్దీ ఉన్నాయి. అవి పద్ధతిలోని తప్పులు. ఎన్నిసార్లు చదివించినా అక్కడే వస్తాయి, కాబట్టి వెతికి పట్టుకుని దిద్దగలను. ఇది అలాంటిది కాదు. ఒకసారి సరిగ్గా చదివిన అక్షరాన్ని ఇంకోసారి తప్పు చదివింది. ఆ చోట రెండు అక్షరాలకూ నెట్‌వర్క్ ఇచ్చిన మార్కులు దగ్గర దగ్గరగా ఉండి ఉంటాయి. ఎక్కడో ఒక గుణకారంలో ఒక బిట్టు తప్పితే త్రాసు అటు వాలిపోయింది.

విండోస్ తన పొరపాట్లను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. వీయా-లాగర్ (WHEA-Logger) అనే పేరు కింద రాత్రి మూడు నమోదులు, ఈవెంట్ 19. ప్రాసెసర్ తన లోపల పొరపాటు గమనించి తానే సరిదిద్దుకున్నట్టు చెప్పే నమోదులవి. మూడింటిని పట్టుకుని దిద్దుకుంది. పట్టుకోలేకపోయింది ఒకటి ఉంది, అది 217వ పుటలో పడింది.

అదే పుటను అదే 4.8 మీద విడిగా 20 సార్లు చదివించాను. 20 సార్లూ ‘రథము’ అనే వచ్చింది. ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. యంత్రం నిండా పని ఉన్నప్పుడు, బాగా వేడెక్కినప్పుడు, ఎప్పుడో ఒకసారి జరిగే తప్పు ఇది. 6,400 పుటల్లో ఎక్కడ పడిందో ఎవరు వెతుకుతారు? పోల్చడానికి మొదటి జాబితా లేకపోతే నాకు తెలిసేదే కాదు. రేపు ఎవరో ‘రథము’ అని వెతికితే ఆ పుట వాళ్లకు దొరకదు. తాతగారు దాచినది నా తొందర వల్ల చెడిపోతుందన్న ఆలోచనతో రోజంతా చేతులు ఆడలేదు.

జనవరి 21

ఇక నుంచి నా కొలబద్ద ఇది. 300 పుటలు మూడుసార్లు, మొత్తం 900 పాఠాలు. చెక్‌సమ్ ఒక్కటి తేడా వచ్చినా, ఈవెంట్ 19 ఒక్కటి కనబడినా ఆ సెట్టింగు పనికిరాదు. నీలం తెర రాకపోవడం, సినీబెంచ్ పూర్తి కావడం లెక్కలోకి రావు.

4.7, 1.26 వోల్టులు: పాఠాలన్నీ సరి, కానీ రెండో విడతలో ఒక ఈవెంట్ 19. తీసేశాను.

4.7, 1.28 వోల్టులు: అంతా శుభ్రం. 83 డిగ్రీలు. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే ఇది. మాది విజయవాడ. మే నెలలో ఈ గది 37 దాటుతుంది. గది ఎంత పెరిగితే ప్రాసెసర్ కనీసం అంత పెరుగుతుంది. అంటే 95. వద్దు.

4.6, 1.20 వోల్టులు: మూడో విడతలో ఈవెంట్ 19.

4.6, 1.22 వోల్టులు: శుభ్రం. 74 డిగ్రీలు, ప్లగ్గు దగ్గర 188 వాట్లు, సమయం 35 నిమిషాల 10 సెకన్లు. 4.8తో పోలిస్తే పోగొట్టుకున్నది నిమిషంన్నర కూడా కాదు, మిగిలింది 28 వాట్లు, 14 డిగ్రీలు. ఇంకో 10 మిల్లీవోల్టులు కలిపి 1.23 దగ్గర వదిలాను. అది మే నెల కోసం.

ఫిబ్రవరి 4

16 జీబీ మెమరీ ఒకే స్టిక్కుగా ఉండేది. అలాంటిదే ఇంకొకటి పాతది దొరికితే పెట్టాను. రెండు ఛానళ్లు పని చేస్తే సమయం మరో 30 సెకన్లు తగ్గింది. ఆ ఉత్సాహంలో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. నల్ల తెర, బీపులు, మళ్లీ మళ్లీ అదే. బోర్డు తనంతట తాను పాత సెట్టింగుకు తిరిగి రాదు. రీసెట్ జంపర్ ఎక్కడుందో కనబడలేదు. ప్లగ్గు తీసి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ ఊడదీసి, పది నిమిషాలు ఆగి పెడితే తెరుచుకుంది. బ్యాటరీని మీటరుతో చూస్తే 2.7 వోల్టులే, కొత్తది వేశాను. మెమరీ వేగం 2,666 దగ్గరే ఉంటుంది. ఇంటెల్ ఈ ప్రాసెసర్‌కు చెప్పిన వేగం కూడా అదే.

అన్ని సెట్టింగులూ చెరిగిపోయాయి. నోటుబుక్కులో రాసుకోవడం వల్ల ఐదు నిమిషాల్లో తిరిగి పెట్టగలిగాను. ప్రతి బయోస్ తెరకూ ఇప్పుడు ఫోనులో ఫోటో కూడా ఉంది.

మే 11

మధ్యాహ్నం రెండు గంటలు. కావాలనే ఏసీ వేయలేదు. గది 38 డిగ్రీలు. పెట్టె మూత మూసి, కిటికీ తెరిచి, 300 పుటలూ మూడుసార్లు.

ప్రాసెసర్ గరిష్ఠం 89. రెగ్యులేటర్ల దగ్గర 93. ఈవెంట్ 19 ఒక్కటి లేదు. 900 పాఠాలూ డిసెంబరు 28 నాటి జాబితాతో సరిపోయాయి. 217వ పుటను మళ్లీ కంటితో చూశాను, మూడుసార్లూ ‘రథము’.

మే 14

రాత్రి పూర్తి పని మొదలుపెట్టి పడుకున్నాను. ఒంటిగంటకు కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు మోసింది. ఆ లోపు చేతిలో ఉన్న పుటలు ముగించి, యంత్రాన్ని ఆపేలా రాసుకున్న స్క్రిప్టు సరిగ్గానే పని చేసింది. కరెంటు వస్తే దానంతట అదే మొదలవ్వాలి. ఉదయం చూస్తే తెర మీద ‘ముందు ఫ్యాను పని చేయడం లేదు, కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి’ అని ఆరు గంటలుగా ఎదురుచూస్తోంది. నేను పెట్టిన పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. ఆ కంపెనీ బయోస్ తన సన్నని ఫ్యాను వేగాన్ని ఆశిస్తోంది. ఇన్నాళ్లూ నేను ఎదురుగా ఉండి ఎఫ్1 నొక్కుతూ వచ్చాను కాబట్టి ఇది పట్టించుకోలేదు.

బయోస్‌లో వెతికితే హెచ్చరిక వచ్చినా ఆగకుండా సాగే ఐచ్ఛికం ఒకటి దొరికింది. పెట్టాను. ప్లగ్గు రెండుసార్లు పీకి, పెట్టి చూశాను. రెండుసార్లూ నేరుగా విండోస్‌లోకి వెళ్లి, ఆగిన పుట నుంచే పని అందుకుంది.

ప్రస్తుతం రెండో సంపుటం, 412వ పుట. 87 డిగ్రీలు.